67 మస్టాంగ్: సీ4 ఆటోమాటిక్ తీసేసి టీ5 మాన్యువల్ వేద్దామనుకుంటున్నా, చేసినవాళ్ళు చెప్పండి

ఖమ్మం_కూపే (ప్లేనో, టెక్సస్)

అందరికీ నమస్తే. చాలా రోజుల్నించి ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. నా దగ్గర 1967 మస్టాంగ్ కూపే ఉంది, 289 వీ8 ఇంజన్, టూ బ్యారెల్ కార్బురేటర్, సీ4 ఆటోమాటిక్, వెనక 8 ఇంచ్ యాక్సిల్, రేషియో 3.00. మూడేళ్ళ కింద ఓక్లహోమాలో ఒక పెద్దాయన దగ్గర కొన్నా. ఇంజన్ బాగుంది, సీ4 కూడా బానే పని చేస్తుంది, అది పాడైందని తీయట్లేదు, నాకు గేర్లు కావాలి అంతే. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు, ఖమ్మం డిపో, చిన్నప్పుడు సెలవుల్లో బ్యానెట్ పక్కన కూర్చుని ఆయనతో ట్రిప్పులు తిరిగేవాణ్ణి, ఘాట్ దగ్గర డబుల్ క్లచ్ కొట్టి సెకండ్‌లోకి దించే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆగస్టులో నాన్న ఇక్కడికి వస్తున్నారు. ఆలోపు అవ్వాలని నా కోరిక.

అడగాల్సినవి: టీ5 (ఐదు గేర్లది) వెయ్యాలా టాప్‌లోడర్ (నాలుగు గేర్లది) వెయ్యాలా, గేర్‌బాక్స్ కాకుండా ఇంకేం కావాలి, బండి విలువ పోతుందా, ఇంటి గరాజ్‌లో ఒక్కణ్ణే చేసుకోగలనా. బ్రేకులు, కార్బురేటర్, రేడియేటర్ అన్నీ నేనే చేసుకున్నా, గేర్‌బాక్స్ మాత్రం ఎప్పుడూ దించలేదు.

వీ8_మావయ్య (ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్)

స్వాగతం తమ్ముడూ. నేను రెండు చేశా, ఒకటి నాది 68, ఇంకోటి మా పక్కింటాయనది. మొదట ఒక మాట, అందరూ గేర్‌బాక్స్ కొనేసి మొదలుపెడతారు, అది ఆఖర్న కొనాల్సింది. ముందు పెడల్స్ వెతుక్కో. డాష్ కింద క్లచ్ పెడల్ ఉన్న సపోర్ట్ మొత్తం సెట్టుగా కావాలి, 67-68 ది 67-68 దే, 65-66 ది తెచ్చుకుంటే సరిపోదు. పవర్ బ్రేక్ ఉన్నదానికి లేనిదానికి కూడా పెడల్ వేరు, కొనేముందు నీ బండిది ఏదో చూసుకో. పాత సెట్టు అయితే లోపల బుష్‌లు అరిగి పెడల్ పక్కకి ఊగుతుంది, వాటి బదులు బేరింగులు వేసే కిట్ దొరుకుతుంది, బయట ఉన్నప్పుడే వేసెయ్యి, లోపలికి ఎక్కించాక మళ్ళీ దించాలంటే ఏడుపొస్తుంది.

ఆ తర్వాత ఫ్లైవీల్, క్లచ్ సెట్టు, బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్‌ని ఇంజన్‌కి కలిపే డబ్బా), ఇంజన్‌కీ బెల్‌హౌసింగ్‌కీ మధ్య వచ్చే రేకు ప్లేటు (ఇది చాలామంది మర్చిపోతారు), పైలట్ బుష్ (క్రాంక్ కొసలో గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఆనే బుష్), క్లచ్ ఫోర్కు, రిలీజ్ బేరింగ్, టీ5 కి సరిపోయే క్రాస్‌మెంబర్, స్పీడో కేబుల్, షిఫ్టర్. డ్రైవ్‌షాఫ్ట్ నీది పనికి రావచ్చు, సీ4 కీ టీ5 కీ రెండింటికీ యోక్ (షాఫ్ట్ ముందు కొస) 28 స్ప్లైనే, కానీ పొడవు మాత్రం ఎవరి మాటా నమ్మకు, అన్నీ బిగించాక బండి నాలుగు చక్రాల మీద బరువుతో నిలబెట్టి నువ్వే కొలువు.

టీ5 లో 83 నుంచి 93 దాకా ఫాక్స్‌బాడీ మస్టాంగ్‌లవి తీసుకో, 94-95 వాటి ఇన్‌పుట్ షాఫ్ట్ పొడుగు, దానికి బెల్‌హౌసింగ్ కూడా దాందే కావాలి. 85 నుంచి వచ్చినవి వరల్డ్ క్లాస్ అనే మెరుగైన రకం, అవే చూడు. నీ 289 కి బెల్‌హౌసింగ్ బోల్టులు ఆరు, ఐదు బోల్టులది 64 నాటి పాతవాటికి, ఆ గొడవ నీకు లేదు.

ఇంట్లో చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు. టీ5 సుమారు 75 పౌండ్లు, ఇద్దరుంటే సులువు, ఒక్కడివే అయితే ట్రాన్స్‌మిషన్ జాక్ అద్దెకి తెచ్చుకో, గుండెల మీద పెట్టుకుని ఎత్తే పని చెయ్యొద్దు.

టాప్‌లోడర్_బాబాయ్ (ఎడిసన్, న్యూజెర్సీ)

నా ఓటు టాప్‌లోడర్ నాలుగు స్పీడ్లకే. 67 లో ఆ బండికి ఫోర్డు వాడు ఇచ్చిన పెట్టె అది. వైడ్ రేషియో అయితే ఫస్ట్ 2.78, ఫోర్త్ డైరెక్టు. గట్టిదనంలో దానికి తిరుగు లేదు, నాది విప్పితే యాభై ఏళ్ళ నాటి గేర్ల పళ్ళు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. టీ5 వేస్తే అది 80ల బండి అవుతుంది గానీ 67 అవ్వదు. ఇది నా అభిప్రాయం, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

వీ8_మావయ్య

బాబాయ్ మాట కొట్టెయ్యలేం, కానీ తమ్ముడు ఉండేది డాలస్ పక్కన, అక్కడ ఎక్కడికెళ్ళినా హైవే ఎక్కాలి. నాలుగు స్పీడ్లతో 3.00 యాక్సిల్ మీద 65 మైళ్ళ స్పీడులో వెళ్తే ఇంజన్ నిమిషానికి సుమారు 2650 తిరుగుతుంది. టీ5 ఫిఫ్త్ 0.68, అదే స్పీడులో 1800. రోజూ తిరిగే బండికి ఆ తేడా చెవికీ తెలుస్తుంది పెట్రోలుకీ తెలుస్తుంది.

ఒహాయో_అక్క (కొలంబస్)

ఫ్లైవీల్ దగ్గర ఒక్క విషయం పెద్దక్షరాలతో రాసుకో తమ్ముడూ, 28 ఔన్సులు. 289 కీ పాత 302 కీ ఎక్స్‌టర్నల్ బ్యాలెన్స్, అంటే ఇంజన్ అదరకుండా ఫ్లైవీల్‌కే ఒక పక్క బరువు ఉంటుంది, 28 ఔన్సులది. 80లలో వచ్చిన 5.0 ఇంజన్‌కి అది 50 ఔన్సులు అయింది. టీ5 ఫాక్స్‌బాడీ నుంచి వస్తుంది కదా, గేర్‌బాక్స్‌తో పాటు క్లచ్, ఫ్లైవీల్ కలిపి సెట్టుగా అమ్మేస్తుంటారు, ఆ ఫ్లైవీల్ 50 ది. బోల్టులు సరిపోతాయి, పళ్ళు సరిపోతాయి, చూడ్డానికి తేడా తెలీదు, బిగించెయ్యొచ్చు. నా 66 కి ఇదే జరిగింది. నేనొక షాపుకి ఇచ్చి చేయించుకున్నా, ఇంటికి తెచ్చుకున్న రోజు 2000 దాటగానే డాష్ మీద పెట్టిన కళ్ళజోడు జారి కింద పడింది. షాపాయన యూ జాయింట్ అన్నాడు, తర్వాత టైర్లు అన్నాడు, తర్వాత ఇంజన్ మౌంట్లు అన్నాడు, ఒక్కోదానికీ డబ్బులు తీసుకున్నాడు. ఐదు నెలలయ్యాక నేనే కింద పడుకుని న్యూట్రల్‌లో ఇంజన్ రేజ్ చేయించి చూశా, బండి నిలబడి ఉన్నా అదురు అంతే ఉంది, అంటే చక్రాలకీ షాఫ్ట్‌కీ సంబంధం లేదు, ఇంజన్‌కి తగిలించిందే ఏదో తప్పు. దించి చూస్తే 50 ఔన్సుల ఫ్లైవీల్. అప్పటికే రియర్ మెయిన్ సీల్ కారడం మొదలైంది. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపి ఉంటే బేరింగులు కూడా పోయేవి. ఇప్పటికీ ఆ ఐదు నెలలు గుర్తొస్తే కోపం వస్తుంది.

కాబట్టి కొత్త ఫ్లైవీల్ కొనేటప్పుడు పెట్టె మీద 28 అని చూసి తీసుకో, 157 పళ్ళది.

ఖమ్మం_కూపే

అక్కా, చాలా థాంక్స్. మార్కెట్‌ప్లేస్‌లో నేను సేవ్ చేసి పెట్టుకున్నది సరిగ్గా అలాంటి సెట్టే, గేర్‌బాక్స్ ప్లస్ ఫ్లైవీల్. గేర్‌బాక్స్ ఒక్కటే అడుగుతా.

నంబర్స్_మ్యాచింగ్ (చార్లెట్)

నేను ఇంకో వైపు నుంచి చెప్తా. పని చేస్తున్న సీ4 ని ఎందుకు కదపడం? ఇంజన్, గేర్‌బాక్స్ ఒరిజినల్‌గా ఉన్న బండ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. డోర్ మీద డేటా ప్లేటులో నీ ట్రాన్స్‌మిషన్ కోడ్ డబ్ల్యూ అని ఉంటుంది, సీ4 అని. నాలుగు స్పీడ్లదానికి 5 అని ఉంటుంది. రేపు ఎవరు కొన్నా ఆ ప్లేటు చూస్తారు, 67 నుంచి ఫోర్డు బండ్లకి మార్టీ రిపోర్టు తెప్పిస్తే ఫ్యాక్టరీలో ఏం వేశారో మొత్తం వస్తుంది. దాచడం కుదరదు.

ఒహాయో_అక్క

దాచమని ఎవరన్నారు? డబ్ల్యూ ప్లేటు అలాగే ఉంచి, మాన్యువల్‌కి మార్చాను అని ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముకోవచ్చు. ప్లేటు మార్చి నాలుగు స్పీడ్ల బండి అని అమ్మితే అది మోసం. టూ బ్యారెల్ 289 కూపే లక్షల్లో తయారైన బండి, అరుదైన జీటీ ఫాస్ట్‌బ్యాక్ అయితే నేనూ వద్దనేదాన్ని.

వీ8_మావయ్య

దీనికి మందు సులువు, ఏదీ కొయ్యొద్దు, ఏదీ అమ్మొద్దు. సీ4, కన్వర్టర్, ఫ్లెక్స్‌ప్లేట్ (ఆటోమాటిక్‌లో ఫ్లైవీల్ చోట ఉండే పల్చటి ప్లేటు), దాని బోల్టులు, షిఫ్టర్, కిక్‌డౌన్ రాడ్డు, పాత వెడల్పు బ్రేక్ పెడల్, క్రాస్‌మెంబర్ అన్నీ ఒక డబ్బాలో పెట్టి పేర్లు రాసి దాచిపెట్టు. నా డబ్బా బేస్‌మెంట్‌లో పదకొండేళ్ళుగా ఉంది. బండితో పాటే ఆ డబ్బా కూడా పోతుంది.

నంబర్స్_మ్యాచింగ్

అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

ఛెవెల్_70 (ఫీనిక్స్)

మధ్యలో దూరుతున్నా, సారీ. నాది 70 ఛెవెల్, 350, టీహెచ్350 ఆటోమాటిక్. మస్టాంగ్ లాగే చెయ్యొచ్చా?

వీ8_మావయ్య

విడిగా పోస్టు వెయ్యి బ్రో, అక్కడ మాట్లాడదాం. రెండు ముక్కలు మాత్రం ఇక్కడ: పాత 350 ఇంటర్నల్ బ్యాలెన్స్ కాబట్టి అక్క పడిన బాధ నీకు లేదు, 400 గానీ 454 గానీ అయితే ఉంటుంది. రెండోది, ఆటోమాటిక్‌తో వచ్చిన కొన్ని షెవీ క్రాంక్‌లకి పైలట్ బుష్ కూర్చునే రంధ్రం ఫ్యాక్టరీలో పూర్తిగా చెయ్యలేదు, గేర్‌బాక్స్ దించగానే ముందు అది కొలువు. ఐదు స్పీడ్లు కావాలంటే ట్రెమెక్ టీకేఎక్స్ చూడు, 600 పౌండ్ ఫుట్ వరకూ తట్టుకుంటుంది.

ఆటోనగర్_అబ్బాయి (విజయవాడ)

నమస్తే అన్నలూ అక్కలూ. నేను ఇండియాలోనే, మాది ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సుల షెడ్డు, మా తాత పెట్టింది. మస్టాంగ్ ఎప్పుడూ ముట్టుకోలేదు గానీ క్లచ్ ఎక్కడైనా క్లచ్చే కదా, అందుకని రాస్తున్నా. పైలట్ బుష్ కొత్తది ఇత్తడి రకం అయితే ముందురోజు రాత్రి ఇంజన్ ఆయిల్లో నానేసి ఉంచండి, పీల్చుకుంటది. పాతది ఉంటే పుల్లర్ కోసం తిరగొద్దు, బుష్ రంధ్రం నిండా గ్రీజు కూరి సరిగ్గా పట్టే రాడ్డు పెట్టి సుత్తితో కొట్టండి, గ్రీజు వెనక్కి పోయి అదే తోసుకొస్తది. ప్రెజర్ ప్లేటు బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోవద్దు, ఎదురెదురుగా అర చుట్టు అర చుట్టు తిప్పుతూ రావాలి, లేకపోతే కవరు వంకరపోద్ది. క్లచ్ ప్లేటుకి చేతి గ్రీజు తగలనివ్వొద్దు, మా తాత అయితే కుర్రోళ్ళని సబ్బుతో చేతులు కడుక్కొచ్చాకే ముట్టుకోనిచ్చేవాడు. గేర్‌బాక్స్‌లో 90 ఆయిల్ పోసెయ్యండి, చాలు.

వీ8_మావయ్య

అన్నీ బంగారం లాంటి మాటలు తమ్ముడూ, ఒక్క ఆఖరిది తప్ప. వరల్డ్ క్లాస్ టీ5 లో 90 గేర్ ఆయిల్ పొయ్యకూడదు, ఏటీఎఫ్ పొయ్యాలి, ఆటోమాటిక్‌లో పోసే ఎర్ర ఆయిలే. లోపల సింక్రో రింగులకి లైనింగ్ ఉంటుంది, చిక్కటి ఆయిల్ పోస్తే అవి పట్టవు, షిఫ్ట్ బండబారుతుంది. 2.8 క్వార్టులు పడుతుంది.

ఆటోనగర్_అబ్బాయి

ఔనా మావయ్యా, తెలీదు. లారీల అలవాటుతో రాసేశా. మాన్యువల్ పెట్టెలో ఏటీఎఫ్ పొయ్యడం ఇదే వినడం, మా షెడ్డులో చెప్తా.

ఖమ్మం_కూపే

ఆరు వారాలయింది, అప్‌డేట్ ఇస్తున్నా. పెడల్ సెట్టు అర్కాన్సాస్ నుంచి దొరికింది. గేర్‌బాక్స్ 1989 ది వరల్డ్ క్లాస్, ఫస్ట్ 3.35. 28 ఔన్సుల ఫ్లైవీల్ కొత్తది తీసుకున్నా.

పెడల్స్ వెయ్యడానికే ఒక శనివారం మొత్తం పోయింది. డ్రైవర్ సీటు పీకేసి, ఫ్లోర్ మీద వెల్లకిలా పడుకుని, స్టీరింగ్ కాలమ్ బోల్టులు వదులు చేసి కిందికి దించి, తల పెడల్స్ మధ్య పెట్టి పై బోల్టులు చేతి తడుముళ్ళతో వెతికి, మొహం మీద యాభై ఏళ్ళ దుమ్ము రాలుతుంటే అలా చేశా. అయ్యాక లేచి కూర్చుని క్లచ్ పెడల్ ఖాళీగా ఒకసారి తొక్కా, కింద ఏమీ తగిలించలేదు ఇంకా, అయినా ఆ కాలు అక్కడ ఆనడమే ఎంత సంతోషమో చెప్పలేను.

సీ4 దించేముందు పాన్ ఖాళీ చేశా గానీ కన్వర్టర్‌లో ఆయిల్ అలాగే ఉంటుందని తట్టలేదు, గరాజ్ ఫ్లోర్ మొత్తం ఎర్రగా అయింది, చేసేవాళ్ళు కింద పెద్ద ట్రే పెట్టుకోండి. రేడియేటర్ కింద కూలర్ పైపుల రంధ్రాలకి ప్లగ్గులు, మ్యానిఫోల్డ్‌లో మాడ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసిన చోట క్యాప్ పెట్టా. క్లచ్ లింకేజీ కేబుల్‌ది తీసుకున్నా, పాత రాడ్ల రకం (జెడ్ బార్) అయితే నా హెడర్లకి తగులుతోంది.

డౌట్: ఫ్లైవీల్ బోల్టులు బిగించేటప్పుడు ఏమన్నా పూయాలా? స్టార్టర్ ఆటోమాటిక్‌దే వాడొచ్చా?

ఒహాయో_అక్క

పూయాలి. ఆ రంధ్రాలు క్రాంక్‌కేస్‌లోకి తెరుచుకుని ఉంటాయి, సీలెంట్ లేకపోతే బోల్టు మరల వెంట ఆయిల్ కారి సరిగ్గా క్లచ్ మీద పడుతుంది. టార్క్ 75 నుంచి 85 పౌండ్ ఫుట్. ఫ్లెక్స్‌ప్లేట్ బోల్టులు మళ్ళీ వాడొద్దు, ఫ్లైవీల్‌కి దాని బోల్టులే. రంధ్రాల్లో ఒకటి కొద్దిగా పక్కకి ఉంటుంది, ఒక్క పొజిషన్‌లోనే కూర్చుంటుంది, కూర్చోకపోతే బలవంతం చెయ్యొద్దు, తిప్పి చూడు.

స్టార్టర్ ముక్కు అన్నిటికీ ఒకటే లోతు కాదు. పాత మూడు, నాలుగు స్పీడ్ల మాన్యువల్‌ది వేరు. 157 పళ్ళ ఫ్లైవీల్, టీ5 బెల్‌హౌసింగ్ అయితే ఆటోమాటిక్‌ది సరిపోవాలి, అయినా బిగించి పళ్ళు ఎంత మేర కలుస్తున్నాయో చూసుకున్నాకే క్రాంక్ కొట్టు. ఇంకోటి, న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ వైర్లు. షిఫ్టర్‌తో పాటు అదీ పోతుంది కాబట్టి వైర్లు అలా వదిలేస్తే బండి స్టార్టే అవ్వదు. ఉత్తగా కలిపెయ్యకుండా క్లచ్ పెడల్ దగ్గర స్విచ్ పెట్టు, గేర్‌లో ఉండగా తాళం తిప్పితే ముందు ఎవరున్నా ప్రమాదమే. రివర్స్ లైటుకి టీ5 మీదే స్విచ్ ఉంది, దానికి కలుపు.

వీ8_మావయ్య

తమ్ముడూ ఆగు, గేర్‌బాక్స్ ఎక్కించేముందు ఒకటుంది, ఎక్కువ మంది వదిలేసేది ఇదే. బెల్‌హౌసింగ్ ఒక్కటీ ఇంజన్‌కి బిగించి, డయల్ ఇండికేటర్ ఫ్లైవీల్ మీద అయస్కాంతంతో నిలబెట్టి, సూది బెల్‌హౌసింగ్ మధ్య గుండ్రటి రంధ్రం లోపలి అంచుకి ఆనించి, క్రాంక్ చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పు. సూది ఎంత కదిలిందో అందులో సగం ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్ 5 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లోపు ఉండాలి, అంటే సూది 10 థౌ దాటకూడదు. ఆటోమాటిక్‌కి ఫ్లెక్స్‌ప్లేట్ కాస్త వంగి సర్దుకుపోతుంది, మాన్యువల్‌కి ఆ వెసులుబాటు లేదు, ఇన్‌పుట్ షాఫ్ట్ నేరుగా పైలట్‌లోకి దూరాలి. తేడా ఉంటే మొదట్లో గేరు గట్టిగా పడుతుంది, తర్వాత పైలట్ పోతుంది, తర్వాత ఇన్‌పుట్ బేరింగ్ అరుస్తుంది, జనం గేర్‌బాక్స్‌ని తిడతారు.

ఖమ్మం_కూపే

రాత్రి పదకొండు దాకా అదే పని మీద ఉన్నా. స్పార్క్ ప్లగ్గులు తీసేసి ముందు నుంచి బ్రేకర్ బార్‌తో మెల్లగా తిప్పా, మా ఆవిడ వెనక టార్చి పట్టుకుని సూది చదివింది. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 18. అంటే ఆఫ్‌సెట్ 9 థౌ. బెల్‌హౌసింగ్ విప్పి అంచులు శుభ్రం చేసి మళ్ళీ వేసినా అదే. ఇప్పుడేంటి దారి?

వీ8_మావయ్య

కంగారు పడకు, బెల్‌హౌసింగ్ వేరే ఇంజన్ నుంచి వచ్చింది కదా, మామూలే. ఆఫ్‌సెట్ డవల్ పిన్నులు (బెల్‌హౌసింగ్‌ని బ్లాక్ మీద సరైన చోట నిలబెట్టే పిన్నులు) దొరుకుతాయి, 7, 14, 21 థౌ సైజుల్లో. నీకు 7 చాలు. పాత పిన్నులు బ్లాక్ వెనక బిగుసుకుని ఉంటాయి, చుట్టూ కాస్త వేడి చేసి వైస్‌గ్రిప్‌తో తిప్పుతూ లాగు, సుత్తి వాడొద్దు. రెండు పిన్నుల వంపూ ఒకే దిక్కుకి పెట్టాలి, ఏ దిక్కుకి జరపాలో సూదే చెప్తుంది.

ఖమ్మం_కూపే

అయింది. 4 థౌ. మా ఆవిడ నాలుగు అని అరిచిన అరుపుకి లోపల పాప లేచింది.

గేర్‌బాక్స్ ఆదివారం ఎక్కింది, చివరి అంగుళం మొరాయించింది, బోల్టులతో లాక్కుందామా అనిపించింది గానీ ఆగా. వెనక యోక్ పెట్టి గేర్‌లో వేసి కొద్దిగా తిప్పగానే స్ప్లైన్లు కలిసి దానంతటదే లోపలికి జారింది. డ్రైవ్‌షాఫ్ట్ కొలిచా, పాతదే సరిపోయింది.

టాప్‌లోడర్_బాబాయ్

బోల్టులతో లాగకుండా ఆగావే, అది గొప్ప పని. క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగిపోయేది. యాక్సిల్ 3.00 మారుస్తావా? చాలామంది 3.55 వేస్తారు.

ఒహాయో_అక్క

3.35 ఫస్ట్ ఉన్న టీ5 కి 3.55 వేస్తే ఫస్ట్ గేరు ఇలా వేసి అలా తీసెయ్యడమే, రెండూ గుణిస్తే దాదాపు 12. 3.00 తో 10, వీధి బండికి అది చక్కగా ఉంటుంది. 2.95 ఫస్ట్ ఉన్న జెడ్ స్పెక్ రకం టీ5 అయితే 3.55 బావుంటుంది.

వీ8_మావయ్య

3.00 తో ఫిఫ్త్ 60 దాటాకే వెయ్యి తమ్ముడూ, అంతకు ముందు వేస్తే టూ బ్యారెల్ 289 ఈడ్చుకుంటూ వెళ్తుంది. ఒక వేసవి అలాగే నడుపు, చాలదనిపిస్తే అప్పుడు చూద్దాం. కొత్త క్లచ్ కాబట్టి మొదటి 500 మైళ్ళు ఊళ్ళో మెల్లగా, గట్టి లాంచ్‌లు వద్దు.

ఖమ్మం_కూపే

నాన్న పోయిన వారం వచ్చారు. 520 మైళ్ళు అయ్యాక ఆదివారం పొద్దున్నే మా ఇంటి దగ్గర ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి తాళాలు ఇచ్చా. కూర్చోగానే ఎడం చెయ్యి డోర్ వైపు పోయింది, గేరు కోసం. అక్కడ డోర్ హ్యాండిల్ తగిలేసరికి ఒక క్షణం ఆగి, కుడి చెయ్యి తెచ్చి నాబ్ మీద పెట్టి, బండి ఆఫ్‌లోనే ఐదు గేర్లూ ఒకసారి తిప్పి చూసుకున్నారు. తర్వాత స్టార్ట్ చేసి ఫస్ట్ వేసి కదిలించారు, ఒక్క కుదుపు లేదు. నాన్నా దీంట్లో సింక్రో ఉంది డబుల్ క్లచ్ అక్కర్లేదు అని చెప్పా, విన్నారు, తలూపారు, థర్డ్ నుంచి సెకండ్‌కి దించేటప్పుడు మాత్రం న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి చిన్న రేజ్ ఇచ్చి మళ్ళీ తొక్కి దించారు. అదే చప్పుడు. పెద్ద బస్సుది కాదు, వీ8 ది, అయినా అదే. లాట్ చుట్టూ పదకొండు రౌండ్లు వేశారు. మీరందరూ లేకపోతే ఇది అయ్యేది కాదు.

మిగిలింది ఒక్కటే, స్పీడోమీటర్ 65 చూపిస్తుంటే ఫోన్ జీపీఎస్‌లో 61.5 ఉంటోంది. టీ5 లో ఉన్న డ్రివెన్ గేరు 18 పళ్ళది.

వీ8_మావయ్య

చదివి మా ఇంట్లోవాళ్ళకి కూడా వినిపించా. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

65 ని 61.5 తో భాగించి 18 తో గుణిస్తే 19. పళ్ళు పెరిగితే మీటరు తగ్గుతుంది. 19 పళ్ళది వెయ్యి, కేబుల్ కొస దగ్గర ఒక్క బోల్టు విప్పితే బయటికి వస్తుంది, ఓ రింగు కూడా కొత్తది వేసి పెట్టు.

ఖమ్మం_కూపే

19 ది ఆర్డర్ పెట్టా, గురువారం వస్తుంది. బోల్టు నేనే విప్పుతానంటున్నారు నాన్న.